లాభం వస్తే ఎలాగ

“వైరస్ వచ్చి రొయ్యలన్నీ ఒక్కపూటలో తేలిపోతే ఎలాగండీ?” అంది కృపావతి, ఉల్లిపాయ కోస్తూ కోస్తూ కత్తిపీట మీద చెయ్యి ఆపి.

రొయ్యలు ఇంకా లేవు. అవి వెయ్యవలసిన చెరువూ లేదు. కాలవ అవతల, రొయ్యల చెరువున్న రాజ్ కుమార్ చూపించిన చోట ప్రస్తుతానికి వరి కోసిన మోళ్ళూ, వాటి మధ్య తిరిగే కొంగలూ మాత్రమే ఉన్నాయి. అయినా కృపావతి కళ్ళకి రొయ్యలు తెల్లగా తేలి కనిపిస్తూనే ఉన్నాయి.

“అదిగో, అమ్మ వాతావరణ సూచన మొదలైంది,” అన్నాడు దీపక్, ఫోన్లోంచి తల ఎత్తకుండా. “సాయంత్రానికి వాయుగుండం. మత్స్యకారులు వేటకి వెళ్ళరాదు.”

వీధరుగు మీద కూర్చుని తెగిన చెప్పు బెల్టు కుట్టుకుంటున్న దానం నవ్వాడు. రాజోలు డిపోలో కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. ఉద్యోగం పోయినా గొంతు పోలేదు. ఆదివారం చర్చిలో పాస్టరుగారు ప్రార్థన ముగించీ ముగించకముందే దానం ‘ఆమేన్’ గోడలకి తగిలి తిరిగొస్తుంది. వెనక బెంచీల్లో పిల్లలు దానికోసమే కాచుకుని కూర్చుంటారు.

“నువ్వు దేనికి భయపడలేదు కృపా? స్టెల్లా విమానం ఎక్కిన రోజు ఏమన్నావు? సముద్రంలో పడిపోద్దన్నావు. పడిందా?”

“ప్రార్థన చేసేను కాబట్టి పడలేదు.”

“మరి దీనికీ చెయ్యి,” అన్నాడు దానం, దారం పళ్ళతో తెంపుతూ.

కూతురు స్టెల్లా కువైట్‌లో నర్సు. పెళ్ళి మాటెత్తితే తర్వాత చూద్దాం అని, పండక్కి రమ్మంటే టిక్కెట్టు ఎక్కువ అని, నెలనెలా ఇంటికి పంపిన డబ్బు బ్యాంకులో పడి ఉంది. దాన్ని ఏం చెయ్యాలన్నది ఆ ఇంట్లో ఏడాదిగా నలుగుతోంది. వడ్డీకి తిప్పమన్నవాళ్ళు ఉన్నారు. కష్టంలో ఉన్నవాడి దగ్గర పిండిన రూపాయి మా ఇంట్లో అన్నం అవదన్నాడు దానం. చీటీ పాట అంటే, ఒకడి అవసరం మీద పదిమంది పాడుకోవడమే కదా అన్నాడు. బ్రాందీషాపులో వాటా అంటూ వచ్చినవాళ్ళనైతే అరుగు ఎక్కనివ్వలేదు. ఆ సంగతి పాస్టరుగారు పేరు చెప్పకుండా ప్రసంగంలో చెబితే, సంఘమంతా వెనక్కి తిరిగి దానం వైపే చూసింది. కృపావతి ఆ రోజు ఇంటికి వచ్చేదాకా తల వంచుకునే నడిచింది, నవ్వు ఎవరికీ కనపడకూడదని.

“రొయ్య ఎవరి చేతా తాగించదు, ఎవరి దగ్గరా వడ్డీ పుచ్చుకోదు,” అన్నాడు దానం. “నీళ్ళలో పుడతాది, నీళ్ళలో పెరుగుతాది. పైగా రాజ్ కుమార్ మన సంఘం కోశాధికారి. వచ్చినదాంట్లో దేవుడి వంతు తియ్యకుండా ఇంటికి కూరగాయలు కూడా తీసుకెళ్ళడు. ఇంతకన్నా శుభ్రమైన పెట్టుబడి ఎక్కడ దొరుకుద్ది చెప్పు?”

“రెండేళ్ళు రొయ్యల పట్టుబడి బాగుంటే అక్క అక్కడ మానేసి వచ్చేయొచ్చమ్మా,” అన్నాడు దీపక్. అమలాపురంలో ఆడిటరుగారి దగ్గర పనిచేస్తాడు. లెక్క వాడు వేశాడంటే ఇంట్లో తిరుగులేదు.

ఆ మాట దగ్గర కృపావతి మళ్ళీ ఉల్లిపాయ మీదికి వంగింది. కళ్ళు తుడుచుకోవడానికి ఉల్లిపాయ బాగానే పనికొచ్చింది.

ఇక మిగిలింది ఒక్క మాట. తవ్వబోయే చెరువుకి ఆనుకుని వీరాయమ్మది అరెకరం చేనూ, నాలుగు కొబ్బరిచెట్లూ, ఇల్లూ ఉన్నాయి. పక్క రైతు కాదంటే అనుమతి రాదు. సోమవారం పంచాయతీ నుంచి మనిషి వచ్చి అడుగుతాడు.

“నువ్వెళ్ళి ఒక్కమాట చెప్పిరా కృపా,” అన్నాడు దానం. “నువ్వడిగితే కాదనదు.”

*

మర్నాడు పొద్దెక్కాక కృపావతి కాలవ వంతెన దాటింది. గట్టు మీద నడుస్తుంటే ఎడమచేతి వైపు ఉప్పునీళ్ళు పెట్టిన రాజ్ కుమార్ పాత రొయ్యల చెరువు. నీళ్ళకి గాలి పట్టించే ఏరేటర్లు చక్రాల్లా తిరుగుతూ తెల్లటి నురుగు చిమ్ముతున్నాయి. కుడిచేతి వైపు కొత్తది తవ్వబోయే మోళ్ళ చేను. మధ్యలో, రెండు పెద్ద సంచుల మధ్య ఇరుక్కున్న చిన్న పెట్టెలా, వీరాయమ్మ ఇల్లు.

కాలు జారి చెరువులో పడతానేమోనని గట్టుకి కుడి అంచునే నడిచింది కృపావతి. కరెంటు తీగ నీళ్ళలోకి వేలాడుతోందేమోనని కూడా చూసుకుంది.

“రా వదినా, రా. మా గుమ్మం మర్చిపోయేవేమో అనుకున్నాను,” అంది వీరాయమ్మ, గిన్నెలు బోర్లిస్తూ. వయసులో ఉన్నప్పుడు ఇద్దరూ ఒకే వరసలో నడుం వంచి ఊడ్పులు ఊడ్చినవాళ్ళు. కులం వేరు, దేవుడు వేరు. వదిన పిలుపు మాత్రం ఆ బురదలో మొదలై ఇంతవరకూ ఆగలేదు. “స్టెల్లాపాప ఎలాగుంది? వస్తందా ఈసారన్నా?”

“చూడాలి. డ్యూటీలంట.”

“టీ పెడతాను కూర్చో.”

అరుగు చివర పొయ్యి. వీరాయమ్మ గిన్నెలో నీళ్ళు పోసి, టీపొడి వేసి, పాలు ఒంపింది. నీళ్ళు తెర్లే లోపలే పాలు ముక్కలై అడుగుకి దిగిపోయాయి. “పాడు పాలు, నిన్నటివేమో,” అనుకుంటూ ఆమె గిన్నె పట్టుకెళ్ళి పెరట్లో పారబోసింది. కొత్త ప్యాకెట్టు చించి మళ్ళీ పెట్టింది. ఈసారి కృపావతి వైపు వీపు పెట్టి నిలబడింది. గరిటెతో తిప్పుతూనే ఉంది, తిప్పితే అతుక్కుంటాయేమో అన్నట్టు. చాలాసేపు తిప్పింది. తర్వాత పొయ్యి కట్టేసి, గిన్నె మీద పళ్ళెం మూసింది.

“టీ ఎందుకులే వదినా, మీ అన్నయ్య చేత బొండాం కొట్టిస్తాను ఉండు. ఏవయ్యా, ఎక్కడున్నావు?”

“బొండాం వద్దు వీరాయమ్మా. కూర్చో నువ్వు.”

కృపావతి లేచి చెయ్యి కడుక్కునే వంకతో చేతిపంపు దగ్గరికి వెళ్ళింది. పంపు మూతి చుట్టూ తెల్లగా పొర కట్టి ఉంది. కింద చప్టా మీద కూడా అదే, ముగ్గు చెరిపేసినట్టు. బోర్లించిన గిన్నెల అంచుల మీద సన్నటి తెల్లగీత. రెండుసార్లు పంపు కొట్టి, దోసిట్లో నీళ్ళు పట్టి నోట్లో పోసుకుంది. ఉప్పు. సముద్రమంత ఉప్పు కాదు. ఊరగాయ గిన్నె కడిగిన నీళ్ళంత ఉప్పు. వెనక నుంచి వీరాయమ్మ చూస్తోంది. ఆమె ఎదురుగా ఉమ్మడానికి సిగ్గేసి కృపావతి మింగేసింది.

“ఎప్పట్నించీ?”

“పోయిన వేసంగి నించీ. అలవాటైపోయిందిలే,” అంది వీరాయమ్మ, కొంగుతో చేతులు తుడుచుకుంటూ. “తాగడానికి టిన్ను తెచ్చుకుంటన్నాం. ఎసట్లోకీ టిన్నే అంటే మనవల్ల అవుద్దా? పప్పు ఉడకదు, అంతే. అన్నంలో ఉప్పు వేసుకోవక్కర్లేదు, అదొక ఆదా.”

ఆమె నవ్వింది. కృపావతికి నవ్వు రాలేదు. ఇంటి వెనక దాళ్వా పంటకి పోసిన నారుమడి కనిపిస్తోంది. పచ్చగా ఉండాల్సిన నారు కొసలు అగ్గిపుల్ల చూపించినట్టు ఎర్రగా మాడి ఉన్నాయి.

“అది రెండోసారి పోసిన నారు,” అంది వీరాయమ్మ ఆమె చూపు పట్టుకుని. “మొదటిది లేవనే లేదు.”

“రాజ్ కుమార్‌కి చెప్పలేదా?”

“చెప్పేం. పాపం మంచోడే. దండం పెట్టి మాటాడతాడు. బోరు లోతు దింపిస్తానన్నాడు. దింపిస్తాడులే, ఎప్పుడో ఒకప్పుడు.”

ఇప్పుడు అడగాలి. కృపావతి కొంగు చివర మడతపెట్టింది, విప్పింది. నోరు తెరిస్తే ఉప్పు రుచి తగులుతోంది.

వీరాయమ్మే అందుకుంది. “చెరువు సంగతేగా వచ్చేవు? అన్నయ్యగారు మొన్న సెంటర్లో మా ఆయనతో అన్నారంట. దానికింత మొహమాటం దేనికి వదినా? చేసుకోండి. ఆ వచ్చేవాళ్ళతో మాకేం అభ్యంతరం లేదని చెబుతాంలే.”

“అటుపక్క కూడా ఉప్పునీళ్ళొస్తే మరి...”

“మీరు ప్రార్థన చేసుకుని పెట్టేవాళ్ళు,” అంది వీరాయమ్మ. “మాకు చెడు జరిగే పని మీరు చేస్తారేటి?”

అప్పటికి వీరాయమ్మ మొగుడు రామ్మూర్తి చెట్టు దిగి బొండాం తెచ్చాడు. మొగుడూ పెళ్ళాం ఎదురుగా నిలబడి తాగమంటుంటే కృపావతి తాగింది. నీళ్ళు తియ్యగానే ఉన్నాయి. చెట్టు ఇంకా ఎక్కడినించి తెస్తోందో ఆ తీపి అనుకుంది. ఇంకెన్నాళ్ళు తెస్తుందో అని కూడా అనుకుంది.

ఇంటికొచ్చాక దానం అడిగాడు. “ఏమంది?”

“ఒప్పుకుంది,” అంది కృపావతి.

“దేవునికి స్తోత్రం,” అన్నాడు దానం, వీధిలోకి వినపడేలా.

*

శుక్రవారం పొద్దున్న దానం పెరట్లో కొబ్బరికాయలు వలుస్తున్నాడు. గునపానికి కాయ గుచ్చి ఒక్క మెలిక తిప్పితే పీచు చీలి విడిపోతోంది. కృపావతి పీచు పోగేస్తూ కూర్చుంది.

“లాభం వస్తే ఎలాగండీ?” అంది.

దానం చేతిలో కాయ అలాగే ఆగింది. “ఏటీ?”

“చెరువు బాగా పండి, లాభం వస్తే.”

లోపల చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్న దీపక్ తలుపు దగ్గరికి వచ్చి మరీ నవ్వాడు. “నాన్నా, ఇది కొత్త హెచ్చరిక. ఇంతవరకూ రికార్డుల్లో లేదు.”

కృపావతి చెప్పింది. పంపు మూతి గురించీ, నారు కొసల గురించీ చెప్పింది. టీ సంగతి మొదలుపెట్టి ఆపేసింది. టీ విరగడం ఒక సంగతా అంటారనిపించింది. దానం కొట్టిపారెయ్యలేదు. గునపం పక్కన చతికిలబడి శ్రద్ధగా విన్నాడు. మంచిమనిషి, ఎప్పుడూ వింటాడు.

“రాజ్ కుమార్‌తో నేను మాటాడతాను. ముందు బోరు దింపిద్దాం,” అన్నాడు. “లాభం వచ్చేక మన దేవుడి వంతులోంచి వాళ్ళకే ఏదో ఒకటి చేద్దాం. సరేనా? అయినా ఒక్కమాట ఆలోచించు. మనం పెట్టకపోతే ఆ చెరువు ఆగుద్దా? ఇంకెవడో పెడతాడు. వాడికి దైవభయం ఉంటాదో ఉండదో. మనముంటే వాళ్ళ బాగోగులు మనం చూస్తాం కదా.”

అందులో ఎక్కడ తప్పుందో కృపావతికి దొరకలేదు. ఎనిమిదో తరగతితో ఆగిన చదువు. మగవాళ్ళు ఒక మాటకి ఇంకో మాట తగిలించి గొలుసులా చెబుతుంటే, ఏ లంకె దగ్గర పట్టుకోవాలో ఆమెకి ఎన్నడూ తెలియలేదు. పీచు పోగు కట్టి దూరంగా పెట్టింది. ఎండకి అంటుకుంటుందేమోనని మళ్ళీ నీడలోకి జరిపింది.

సాయంత్రం స్టెల్లా ఫోన్లో కనిపించింది. డ్యూటీ దిగి తల తుడుచుకుంటోంది. కళ్ళ కింద నలుపు ఫోన్లో కూడా తెలుస్తోంది.

“అమ్మా, తమ్ముడు రెండేళ్ళంటున్నాడు. నిజంగానా? నేను ఇక్కడ మా రూములో అమ్మాయిలకి చెప్పేసేను కూడా.”

ఏం చెప్పేసిందో అడగడానికి కృపావతికి ధైర్యం చాలలేదు. “తిన్నావా?” అంది.

“తింటానులే. చెప్పు, నిజంగానా?”

“సిగ్నలు సరిగ్గా లేదమ్మా,” అంది కృపావతి. సిగ్నలు బాగానే ఉంది.

శనివారం ఎసరు పెట్టి బియ్యం కొలిచింది. ప్రతిపూటా కొలిచిన బియ్యంలోంచి ఒక గుప్పెడు తీసి దేవుడి డబ్బాలో వెయ్యడం ఆమె పెళ్ళై వచ్చినప్పటినించీ ఉన్న అలవాటు. వారానికోసారి చర్చి స్త్రీల కూటం వాళ్ళు వచ్చి పట్టుకెళతారు. చెయ్యి డబ్బాలో పెట్టింది గానీ గుప్పిట విప్పలేదు. వీరాయమ్మ ఎన్నోసార్లు ఈ గుమ్మంలో నిలబడి, మా చేలో కొత్తబియ్యం వదినా, మీ దేవుడికి కూడా ఓ పిడికెడు వెయ్యి అని ఒళ్ళో కట్టుకొచ్చి ఇచ్చింది. ఈ దాళ్వాకి ఇవ్వదు. ఇవ్వడానికి ఉండదు. గింజలు అరచేతికి గుచ్చుకుంటున్నాయి. ఎసరు పొంగి పొయ్యి మీద పడి చుయ్యిమన్నాక గాని ఆమె గుప్పిట విప్పలేదు.

*

ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరు భాస్కరరావుగారూ, రాజ్ కుమారూ భోజనానికి వచ్చారు. రాజ్ కుమార్ తన చెరువులోవే రొయ్యలు పొద్దున్నే పంపించాడు. వేపుడు చేసింది కృపావతి. పలావూ, కోడికూరా బల్ల మీద సర్ది మూతలు పెట్టింది. హాలు మధ్య టీపాయి మీద దానం రాజ్ కుమార్‌కి ఇవ్వవలసిన అడ్వాన్సు డబ్బున్న గుడ్డసంచి పెట్టి, దాని మీద పరిశుద్ధ గ్రంథం పెట్టాడు. కొత్త పని ఏదైనా ఆ ఇంట్లో అలాగే మొదలవుతుంది. దీపక్‌కి ఉద్యోగం వచ్చినప్పుడు ఆర్డరు కాగితమూ, స్టెల్లా వెళ్ళేటప్పుడు పాస్‌పోర్టూ అలాగే పెట్టారు.

“పిన్నిగారూ, వేపుడు వాసనకే ఆకలేస్తందండి,” అన్నాడు రాజ్ కుమార్. తెల్లచొక్కా, వినయమైన మనిషి. ఆమె కుర్చీ వేస్తుంటే లేచి తనే వేసుకున్నాడు. “మీ చెరువు రొయ్యలు ఇంతకి రెట్టింపు ఉంటాయి చూడండి. కొత్త నేల కదా.”

“రేపు వీరాయమ్మ వాళ్ళు సరేనంటే ఇక పనే,” అన్నాడు దానం.

“ఆయ్, వాళ్ళు మంచివాళ్ళండి. ఎప్పుడూ ఇబ్బంది పెట్టలేదు.”

పాస్టరుగారు కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నారు. “ఈ పూట ప్రార్థన నేను చెయ్యను. ఇది ఆడబిడ్డ కష్టం. ఇంటి తల్లి చేస్తే బాగుంటుంది. చెయ్యండమ్మా.”

“తొందరగా ముగించు కృపా,” అన్నాడు దానం. “నీకు భయాలెక్కువ, అన్నీ చెప్పుకుంటూ కూర్చుంటే పలావు చల్లారిపోద్ది.”

అందరూ నవ్వారు. నవ్వుతూనే తలలు వంచి కళ్ళు మూసుకున్నారు. కృపావతి కొంగు తల మీదికి లాక్కుంది.

“ప్రేమగల తండ్రీ, నీకు స్తోత్రం. ఈ ఆదివారం చూపించినందుకు స్తోత్రం. పాస్టరుగారిని మా గడపలోకి పంపించేవు, స్తోత్రం. పరాయి దేశంలో నా బిడ్డని కాస్తున్నావు, స్తోత్రం తండ్రీ.”

“స్తోత్రం,” అన్నారు అందరూ.

“ఈ డబ్బు నా బిడ్డ రాత్రింబగళ్ళు నిలబడి సంపాదించింది. దీన్ని నీ సన్నిధిలో పెట్టేం.”

“అవును తండ్రీ,” అన్నాడు దానం.

అక్కడిదాకా నోటికి అలవాటైన దారి. తర్వాత ఆశీర్వదించు అనాలి. ఆ మాట కోసం నాలుక కదిపేసరికి ఉప్పు తగిలింది.

“నాకు భయాలెక్కువ తండ్రీ. నీకు తెలుసు. రొయ్యలు చచ్చిపోతాయని నీకు మొరపెట్టుకున్నాను. తుఫానొస్తాదని మొరపెట్టుకున్నాను. ఇప్పుడు అవేమీ లేవు. ఇప్పుడు లాభం వస్తాదని భయంగా ఉంది.”

దానం గొంతు సవరించుకున్నాడు. కానీ ప్రార్థనలో ఉన్న మనిషిని మధ్యలో ఆపడం ఆ ఇళ్ళల్లో ఎవరూ ఎరగరు. కూర మాడినా, ఫోను మోగినా, తలుపు తట్టినా ప్రార్థన అయ్యేదాకా ఆగవలసిందే. ఆ సంగతి ఆమెకి ఆ క్షణంలోనే తట్టింది. ఇన్నేళ్ళలో తన మాట చివరిదాకా వినిపించే చోటు ఇదొక్కటే.

“గురువారం వీరాయమ్మ వదినింటికెళ్ళేను. నాకోసం టీ పెట్టింది. పాలు విరిగిపోయేయి. పారబోసి మళ్ళీ పెట్టింది. మళ్ళీ విరిగిపోయేయి. పాలని తిట్టుకుంది గాని నన్నొక్క మాట అనలేదు. నేనా పంపు నీళ్ళు నోట్లో పోసుకున్నాను తండ్రీ. ఆ ఉప్పు ఎక్కడినించొచ్చిందో నీకు తెలుసు, మాకూ తెలుసు. ఒకపక్క చెరువుంటేనే ఇలాగుంది. రెండోపక్క కూడా తవ్వితే ఆ ఇంట్లో టీ నీళ్ళు కూడా ఉండవు. ఒప్పుకోవద్దని నేనామెకి చెప్పాలి. చెప్పలేదు. మీరు ప్రార్థన చేసుకుని పెట్టేవాళ్ళు, చెడు చెయ్యరు అందామె. నీ పేరు చూసి ఒప్పుకుంది తండ్రీ.”

ఎవరిదో కుర్చీ కిర్రుమంది.

“రేపు లాభం వచ్చేక నీకు పదోవంతు తెస్తాం. చేతుల్లో పెట్టి పాట పాడతాం. నువ్వు పుచ్చుకుంటావా? ఆ నీళ్ళతో వండుకునేవాళ్ళకి ఎన్నో వంతు ఇస్తే సరిపోద్దో నాకు తెలీదు. లెక్కలు నాకు రావు. మేం పెట్టకపోతే ఇంకొకరు పెడతారంటన్నారు. పెడితే పెట్టనీ. వాళ్ళ సంగతి నువ్వు చూసుకో. మాది మేం చూసుకుంటాం.”

కొంగుతో కళ్ళు ఒత్తుకుని, మళ్ళీ ఎత్తుకుంది.

“నా బిడ్డ ఇంటికి రావాలని నాకు ఎంతుందో నీకు తెలుసు. ఇంకా కొన్నాళ్ళు అక్కడే ఉండాలంటే... ఉండనియ్యి. దానికి నేనే చెప్పుకుంటాను. కాని అది కష్టపడ్డ డబ్బు ఇంకో ఇంట్లో పాలు విరగ్గొట్టకుండా చూడు తండ్రీ. యేసు నామంలో అడుగుతున్నాను.”

ఆమె మాట అయిపోయింది. ఇక ఆమేన్ అనవలసింది మిగతావాళ్ళు.

ఎవరూ అనలేదు.

కృపావతి కళ్ళు తెరవలేదు. పైన ఫ్యాను తిరుగుతోంది. బల్ల మీద పలావు మూత చల్లారుతూ చిన్నగా టక్కుమంది. కాలవ అవతల ఏరేటర్ల మోత, ఇన్నాళ్ళూ ఈ ఇంట్లోకి వినిపిస్తుందని ఆమె ఎరగదు, ఇప్పుడు వినిపిస్తోంది. రాజ్ కుమార్ ఊపిరి పీల్చి వదిలిన చప్పుడు. పాస్టరుగారు ఏదో అనబోయి మానుకున్న చప్పుడు. దీపక్ వేళ్ళు విరుచుకున్నాడు, ఒకటి తర్వాత ఒకటి.

కళ్ళు తెరిస్తే కుర్చీలు ఖాళీగా ఉంటాయేమో అనుకుంది. సంఘంలో ఆయన ఇక తలెత్తుకోలేరేమో, స్టెల్లా ఇక ఫోన్ చెయ్యదేమో, ఈ వయసులో ఆయన తనతో మాట్లాడడం మానేస్తారేమో. అన్నీ వరసగా వచ్చాయి, రోజూ వచ్చేవాటిలాగే. వచ్చి నిలబడ్డాయి. ఆమె తల మీది కొంగు సవరించుకుని, అలాగే కళ్ళు మూసుకుని, ఉన్నచోటే ఉంది.

పక్కన టీపాయి మీద ఏదో కదిలింది. గుడ్డసంచి వెనక్కి, దానం ఒళ్ళోకి జరిగిన మెత్తటి చప్పుడు.

“ఆమేన్,” అన్నాడు దానం, పక్క మనిషికి కూడా వినపడీ వినపడనట్టు.